బడి కబురు ఇంటికి ఏ భాషలో చేరుతున్నది?

హోసూరు, డెంకణికోట, తళి, వేపనపల్లి ప్రాంతాలలోని పంచాయతీ యూనియన్ ప్రాథమిక పాఠశాలలలో ఒకే వరండాలో మూడు నాలుగు భాషలు వినిపించడం కొత్త విషయం కాదు. తరతరాలుగా ఈ నేలను నమ్ముకొని ఉన్న తెలుగు, కన్నడ కుటుంబాల పిల్లలు, తమిళ పిల్లలు, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు పక్కపక్కనే కూర్చొంటారు. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ విస్తరించిన తరువాత బీహారు, ఒడిశాల నుండి వలస వచ్చిన కార్మికుల బిడ్డలు కూడా వారితో చేరుతున్నారు. పిల్లలకు ఇది పెద్ద సమస్య కాదు. ఆటస్థలంలో ఆరు నెలలు గడిస్తే చాలు, పోట్లాడుకోవడానికీ రాజీపడడానికీ సరిపడా తమిళం, తెలుగు అందరికీ వచ్చేస్తాయి. చిక్కంతా ఇంటి దగ్గరే ఉన్నది. తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లికి, ఏ లిపీ చదవలేని అవ్వకు బడి నుండి వచ్చే కాగితం తమిళంలో వస్తుంది. దానిని చదివి చెప్పవలసిన భారం ఏడేళ్ల బిడ్డ మీద పడుతుంది.

దీని వలన కలిగే నష్టం ఎటువంటిదో ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. 2015 నుండి పాఠశాలలలో నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు. సాధారణంగా ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రను నమిలి మింగిస్తారు. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న బిడ్డకు మాత్ర వేసిన తరువాత కొద్దిసేపు వికారమో, కడుపునొప్పో కలగవచ్చు. అది సాధారణంగా దానంతటదే తగ్గిపోతుంది. జ్వరంతోనో మరే జబ్బుతోనో ఉన్న బిడ్డకు ఆనాడు మాత్ర వేయరు; కోలుకున్న తరువాత వేస్తారు. ఈ నాలుగు మాటలూ ముందురోజు తల్లికి అర్థమయ్యే భాషలో చెప్పి ఉంటే ఏ గొడవా లేదు. చెప్పకపోతే మాత్రం, సాయంత్రం బిడ్డ వాంతి చేసుకోగానే "బడిలో ఏదో మందు పెట్టారట" అన్న పుకారు ఊరంతా పాకుతుంది. మరుసటి విడతకు సగం మంది పిల్లలను ఇంటి వద్దనే నిలిపివేస్తారు. అప్పుడు తల్లులను అజ్ఞానులని నిందించడం సులభమే గాని, ఆ పుకారుకు మూలం వారికి చేరని కబురు.

కబురు చేర్చడం ఉపాధ్యాయుల దయాదాక్షిణ్యాలకు వదిలిన విషయం కాదు. 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షను ఉపాధ్యాయుని విధులను పేర్కొంటున్నది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరిపి, బిడ్డ హాజరు, నేర్చుకునే సామర్థ్యం, చదువులో సాధించిన ప్రగతి మొదలైన విషయాలను వారికి తెలియజేయాలన్నది ఆ విధులలో ఒకటి. ఏ భాషలో తెలియజేయాలో ఆ సెక్షను చెప్పలేదు. అయితే వినేవారికి అర్థం కాని భాషలో చెప్పినది తెలియజేయడం ఎట్లా అవుతుంది? ఇంతమాత్రాన తప్పంతా ఉపాధ్యాయులదే అనడం న్యాయం కాదు. అరవై మంది లోపు పిల్లలున్న బడికి ఆ చట్టం ప్రకారం ఇద్దరే ఉపాధ్యాయులు. ఐదు తరగతులు, హాజరు పట్టీలు, కంప్యూటరులో నింపవలసిన వివరాలు అన్నీ ఆ ఇద్దరి మీదే. వారికి తెలుగు రాకపోతే తెలుగులో నోటీసు వ్రాసేదెవరు?

ఇంతకంటె లోతైన నష్టం మరొకటి ఉన్నది. అది బిడ్డను బడిలో చేర్పించిన నాడే మొదలవుతుంది. ప్రవేశ పత్రంలో 'తాయ్‌మొళి', అనగా మాతృభాష, అన్న గడి ఒకటి ఉంటుంది. తొందరలో దానిని ఎవరో 'తమిళం' అని నింపివేస్తారు. తండ్రి వేలిముద్రో సంతకమో పెట్టి వచ్చేస్తాడు. అది చిన్న గడి కాదు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలి. 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశం దీనికి ఒక లెక్కను కూడా సూచించింది: తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఆ భాషవారుంటే వారికి ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలి. పదిమంది తెలుగు పిల్లలున్న తరగతిలో నలుగురిని కాగితం మీద తమిళులుగా చూపిస్తే, లెక్కకు మిగిలేది ఆరుగురే. తెలుగు పంతులు బదిలీ అయి, ఆ స్థానం ఖాళీగా ఉండిపోయినప్పుడు అడగడానికి చేతిలో ఆధారం ఉండదు.

ఇక్కడ మరొక అపోహను తొలగించడం అవసరం. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన తమిళ అభ్యసన చట్టం వలన 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటేటా పై తరగతులకు తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేశారు. దీనితో తెలుగు బోధన రద్దయినదని భావించి పిల్లలను తెలుగు విభాగం నుండి మాన్పించిన కుటుంబాలున్నవి. ఆ చట్టం తమిళాన్ని తప్పనిసరి చేసినదే గాని, తెలుగు మాధ్యమాన్ని నిషేధించలేదు. ఈ నేల మీద బ్రతికే బిడ్డకు తమిళం రావడం మేలే. ఆసుపత్రికి పోయినా, తాలూకా కచేరీకి పోయినా దానితోనే పని. ఒకటి వచ్చినంత మాత్రాన రెండవది పోనక్కరలేదన్న సంగతిని తల్లిదండ్రులకు ఎవరో ఒకరు తెలుగులో కూర్చోబెట్టి చెప్పవలసి ఉన్నది.

అందుకు వేదిక ఇప్పటికే ఉన్నది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయడం, నిధుల ఖర్చును పరిశీలించడం ఆ కమిటీ బాధ్యతలు. కాగితం మీద ఇంత అధికారమున్న తల్లి, సమావేశంలో వెనుక వరుసలో మౌనంగా కూర్చొని లేచి వస్తున్నదంటే, అక్కడి మాటలు ఆమెకు పూర్తిగా అర్థం కాకపోవడం ప్రధాన కారణం. ప్రతి భాషా సముదాయం నుండి కనీసం ఒక తల్లి కమిటీలో ఉండేటట్లు చూసుకుంటే సగం చిక్కు తీరుతుంది. రెండు భాషలు తెలిసిన తల్లులకు మన పల్లెలలో కొరత లేదు. బరంపురం వైపు నుండి వచ్చిన ఒడియా కుటుంబాలలో కూడా తెలుగు తెలిసినవారు కనిపిస్తారు. ఆ పిల్లల ఇళ్లకు కబురు తెలుగు ద్వారానే చేర్చవచ్చు.

సెల్‌ఫోనులో వాట్సాప్ సమూహాలు ఏర్పడిన తరువాత పని సులువైనదని కొందరు భావిస్తున్నారు. అక్షరాలలో పంపిన తమిళ నోటీసు గోడ మీద ఉన్నా, ఫోనులో ఉన్నా చదవలేని వారికి ఒక్కటే. దానికి బదులు తెలుగులో అరనిమిషం మాట్లాడి పంపిన స్వరసందేశం అవ్వకు కూడా అందుతుంది. ఫోను పగలంతా తండ్రితో ఫ్యాక్టరీలో ఉండే ఇళ్లకు మాత్రం, సాయంత్రం బడి గేటు వద్ద నోటితో చెప్పడమే ఇప్పటికీ నమ్మకమైన మార్గం.

జూనులో బడులు తెరిచినప్పుడు ప్రవేశ పత్రంలోని మాతృభాష గడిని సంతకానికి ముందే చదివించుకోవాలి. పాత ప్రవేశాలలో తప్పు పడి ఉంటే, సవరించమని ప్రధానోపాధ్యాయునికి వ్రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని నకలు ఒకటి దగ్గర ఉంచుకోవాలి. కమిటీ సమావేశంలో తీర్మానాల పుస్తకం చేతికి వచ్చినప్పుడు, దానిలో వ్రాసినదేమిటో తెలుగులో చదివి వినిపించమని కోరిన తరువాతనే వ్రేలు ముద్ర వేయవచ్చు.