హీరోగారి చెవి ఎక్కడ?

కొత్త సినిమా. మొదటి రోజు. అనంతపురంలో మార్నింగ్ షో. థియేటర్ ముందు డప్పులు, టపాకాయలు, పూలదండలు. తలెత్తి చూస్తే ఇరవై అడుగుల ఫ్లెక్సీలో మీ అభిమాన హీరో! కిందేమో చందాలేసుకున్న కుర్రాళ్ల ఫొటోలు. అంతా బాగానే ఉంది గానీ... హీరోగారి కుడి చెవి ఏదీ? జుట్టు చుట్టూ సున్నం పూసినట్టు ఆ తెల్లటి అంచేమిటి?

తప్పు హీరోది కాదు, కత్తెరది. ఇనుప కత్తెర కాదండోయ్, కంప్యూటర్ కత్తెర! ఫొటోలోంచి మనిషిని విడదీసి వేరే బ్యాక్‌గ్రౌండ్‌లో నిలబెట్టే విద్య అది.

ఈ సీమకి ఆ విద్య కొత్తేం కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని తోలుబొమ్మల ఊరుంది (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో). మేకతోలుని వెలుతురు దూరేంత పల్చగా చేసి, బొమ్మ గీసి, అంచు కోసి, నగల చోట చిల్లులు పొడిచి, రంగులద్దుతారు. అంటే సినిమా పుట్టకముందే మనకి తెర ఉంది, వెలుతురుంది, హీరో కటౌట్ కూడా ఉంది! ఆ ఊరి కళాకారుడు దలవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అక్కడ ఉలి జారిందా, తోలు దండగే.

కంప్యూటర్‌లో ఆ భయం లేదు. ఫొటోషాప్ 1990లో బజారుకొచ్చింది. దాన్ని తయారుచేసిన అన్నదమ్ముల్లో ఒకడైన జాన్ నోల్, అమెరికాలో సినిమా ట్రిక్కులు చేసే కంపెనీ మనిషే. అందులోని 'మాస్క్' కూడా సినిమావాళ్లకి పాత చుట్టమే. వెనకటి ద్విపాత్రాభినయాల్లో లెన్స్ సగం మూసి ఒక వేషం తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, రెండో సగంలో రెండో వేషం తీసేవారు. అన్నట్టు, కెమెరా మాయలకి పేరుమోసిన 'మాయాబజార్' (1957) దర్శకుడు కె.వి.రెడ్డి గారిది మన తాడిపత్రే!

సరే, పనిలోకి వద్దాం. మొదటి సూత్రం: చెరపొద్దు, దాచండి. రబ్బరుతో చెరిపి సేవ్ చేసేస్తే పోయిన చెవి పోయినట్టే. లేయర్ మాస్క్ మీద నలుపు పూస్తే బొమ్మ దాక్కుంటుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది.

రెండోది అంచు. 'మ్యాజిక్ వాండ్' ఒకే రంగు గోడ ముందైతే సరిపోతుంది. తెల్ల గోడ ముందు తెల్ల పంచె కట్టాడా, గోడతోపాటు పంచే మాయం! భుజం, కారు, కత్తి లాంటి గట్టి అంచులకి పెన్ టూల్ మేలు. అడుగడుక్కీ చుక్క పెట్టక, వంపు తిరిగేచోటే పెట్టాలి. గీత ఒక పిసరు లోపలికి నడిపితే పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు వెంట రాదు. ఆ సున్నం మరక మర్మం అదే! నడుం మీద చెయ్యేసిన పోజైతే మోచేతి సందు కూడా కొయ్యాలి సుమా.

మూడోది జుట్టు. ఇక్కడ పెన్ను పనికిరాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లలో జుట్టుకీ వెనక గోడకీ తేడా బాగా తెలిసేదాన్ని కాపీ తీయాలి. నలుపుని ఇంకా నలుపు, తెలుపుని ఇంకా తెలుపు చేసి, జుట్టు తెల్లగా వచ్చేలా తిరగేస్తే మాస్క్ తయార్!

నాలుగోది నీడ. ముఖం మీద వెలుతురు ఎడమ నుంచి పడితే నీడ కుడివైపే ఉండాలి. కాళ్ల కింద నీడ లేని హీరో గాల్లో వేలాడుతున్నట్టే ఉంటాడు.

"సెల్‌ఫోనే ఒక్క నొక్కుతో కోసేస్తోంది, ఇదంతా దేనికి?" అంటారా? కోస్తుంది, నిజమే. కళ్లద్దాల అంచు, వేళ్ల సందు, గాలికెగిరే ముంగురుల దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. అక్కడ మాస్క్ తెరిచి దిద్దేది మనిషే. ఫ్లెక్సీ షాపులోనైనా, పెళ్లి ఆల్బంలోనైనా, సినిమా పోస్టర్‌కైనా డబ్బిచ్చేది ఆ దిద్దుబాటుకే. వాన కోసం ఆకాశం చూసే ఊళ్లో, వానతో పనిలేని విద్య చేతిలో ఉండడం చిన్న సంగతా?

ఈసారి థియేటర్‌కి వెళ్తే ముందు ఫ్లెక్సీలో చెవి చూడండి, తర్వాత జుట్టు, ఆ తర్వాత నీడ. మూడూ సరిగ్గా ఉంటే మొదటి ఈల హీరోకి కాదు... ఆ డిజైనర్‌కి వెయ్యండి!