చిత్రములకు ప్రతులు దీయు పెద్ద ప్రింటరు

మన యిండ్ల గోడలపై లక్ష్మీసరస్వతుల పటములు వెలయుటకు రవివర్మ ముఖ్యకారకుడు. ఆయన 1894వ సంవత్సరమున బొంబాయిలో అచ్చుకూటమును నెలకొల్పి, రంగునకొక రాతిపలక చొప్పున సిద్ధపరపించి, తన చిత్రములకు ప్రతులు దీయించెను. అంతటి పనిని నేడు గదిలో నొక మూలనుండు ప్రింటరు చేయగలుగుచున్నది. తాము వేసిన బొమ్మ నమ్ముకొనుటకు మనసొప్పక, దాచుకొన్నచో నెవ్వరును జూడరని విచారించు స్త్రీల కిది మంచి సాధనము. మూలచిత్ర మింటనే యుండును. ప్రతులు పదిమందికి జేరును.

అయితే తెలియక చేసిన పని చిక్కులు దెచ్చును. మా యత్తగారు వేసిన కృష్ణుని చిత్రమును మా యాడబడుచు కోరి తన యింటికి గొనిపోవునపుడు, మేమొక ప్రతి తీయించి చావడిలో కిటికీ కెదురుగా వ్రేలాడదీసితిమి. రెండేండ్లు నిండకమున్నే నీలమేఘశ్యాముడు పాలిపోయెను. అత్తగా రేమియు ననలేదు గాని, ఆ కిటికీకి తెర గట్టించిరి.

దోషమంతయు సిరాలో నున్నది. సిరాలు రెండు విధములు. ద్రవములో పూర్తిగా కరగిన రంగు డై యనబడును. అతిసూక్ష్మమగు పొడిగా ద్రవమున దేలు రంగు పిగ్మెంటు. మొదటిది కంటి కింపుగా నుండును గాని వెలుతురునకు త్వరగా వెలియును. రెండవది చిరకాలము నిలుచును. అమెరికాలో గ్రాహం నాష్ అను గాయకుడు 1991లో నాష్ ఎడిషన్స్ అను సంస్థను స్థాపించి, ఐరిస్ యంత్రములపై చిత్రప్రతులు దీయించిన తొలిదినములలో గూడ సిరాలు వెలియుటయే పెద్ద చిక్కయ్యెను.

కాగితము నూలుపీచుతో చేయబడి, ఆమ్లము లేనిదై యుండవలయును. తళతళలాడు తెలుపుకొరకు రసాయనము గలిపిన కాగితము కాలక్రమమున వన్నె మారును.

యంత్రములలో 24 అంగుళముల, 44 అంగుళముల వెడల్పు చుట్టకాగితమును గ్రహించునవి విశేషముగా వాడుకలో నున్నవి. నాలుగు సిరాల యంత్రము భవనముల పటములకు జాలును. చిత్రములకు ఎనిమిది మొదలు పండ్రెండు సిరాలు గలది మేలు; లేత ఛాయలును, నీడలును మృదువుగా వచ్చును.

మూలచిత్రమునుండి తీసిన ఛాయాచిత్రములో అంగుళమునకు 300 చుక్కలుండుట మంచిది. అనగా 24 అంగుళముల వెడల్పునకు 7200 చుక్కలు గావలయును. కంప్యూటరు తెర వెలుగు తగ్గించుకొని, ఆయా కాగితమునకు దగిన ప్రొఫైలును ఎన్నుకొనవలయును. లేనిచో తెరపై వెలిగిన బొమ్మ కాగితముపై చీకటివలె దిగును. మొదట చిన్నముక్కపై అచ్చొత్తి, ఆరిన పిమ్మట పగటి వెలుతురున మూలముప్రక్క నుంచి పరీక్షింపుడు.

ఇక ముఖ్యవిషయము. ఈ యంత్రమునకు విశ్రాంతి గిట్టదు. వాడకున్నచో సిరా యెండి సన్నని రంధ్రములు పూడును. వానిని శుద్ధిచేయుటకే ఖరీదైన సిరా వ్యయమగును. వారమున కొకటి రెండు పర్యాయములైన పనిలేనివా రీ యంత్రమును గొనక, బాగుగా చేయువారివద్ద ప్రతులు తీయించుకొనుటయే లాభము. అప్పుడు సిరా యేది, కాగిత మేది యని సంకోచింపక యడుగుడు. మేమానా డడుగలేదు.

ప్రతుల నమ్మదలచినవారు సంఖ్య నిర్ణయించి ప్రకటించినచో, ఒక్కటియు నధికముగా తీయరాదు. కొన్నవారి నమ్మకమే మన మూలధనము.

ఇటీవల మూలచిత్రమును దెప్పించి, పిగ్మెంటు సిరాతో నూలుకాగితముపై క్రొత్తప్రతి తీయించితిమి. అద్దము ప్రతికి దగులకుండ చుట్టును అట్ట యంచు పెట్టించి, ఎండయు చెమ్మయు సోకని గోడకు దగిలింప నిశ్చయించితిమి. చట్రము బిగించుటకు ముందు అత్తగారు పెన్సిలు నడిగి తీసికొని, అడుగంచున తమ పేరు వ్రాసిరి.