ల్యాప్‌టాప్ ఇస్తే లెక్కలొస్తాయా?

డిజిటల్ క్లాసులు, ట్యాబ్‌లు, యాప్‌లు... ఏ స్కూలు బ్రోచర్ చూసినా ఇవే! ఇవన్నీ ఉంటే పిల్లలకు చదువు వచ్చేసినట్టేనా? ప్రపంచంలో ఇప్పటికే ప్రయత్నించి చూసినవాళ్ల అనుభవాలు ఏం చెబుతున్నాయి?

వంద డాలర్లకే ఓ ల్యాప్‌టాప్! 2005లో అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు నికొలస్ నెగ్రపాంటి ఈ మాట అనగానే ప్రపంచమంతా అటు చూసింది. పేద దేశాల్లో ప్రతి పిల్లవాడి చేతికీ ఓ కంప్యూటర్ ఇస్తే చాలు, చదువు దానంతటదే వస్తుందని ఎందరో ఆశపడ్డారు. తీరా తయారయ్యేసరికి ధర దాదాపు రెట్టింపైంది. అయినా దక్షిణ అమెరికా దేశం పెరూ వెనకాడలేదు. ఎనిమిది లక్షలకు పైగా కొని పిల్లలకు పంచింది.

ఫలితం? అక్కడి 319 పల్లె బడుల్లో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. ల్యాప్‌టాప్‌లు అందిన బడుల పిల్లలకూ అందని బడుల పిల్లలకూ లెక్కల్లో, భాషలో తేడా ఏమీ కనిపించలేదు. ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షల్లో మాత్రం కాస్త మెరుగయ్యారు. ఒక్కో ల్యాప్‌టాప్‌లో రెండొందల పుస్తకాలు పెట్టి ఇచ్చినా చదివే అలవాటు పెరగలేదు. యంత్రం చేతికొచ్చింది సరే, దాంతో ఏ పాఠం ఎలా చెప్పాలన్నది ఎవరూ సరిగా ఆలోచించలేదు.

మన దేశం మాత్రం 2006లోనే ఈ ల్యాప్‌టాప్ వద్దంది. ముందు తరగతి గదులూ టీచర్లూ కావాలన్నది అప్పటి కేంద్ర విద్యాశాఖ అధికారుల వాదన.

అక్కడ వచ్చింది... ఇక్కడ పోయింది!

అలాగని కంప్యూటర్‌తో చదువు రాదనుకుంటే పొరపాటే. గుజరాత్‌లోని వడోదరలో మున్సిపల్ బడులకు ప్రభుత్వం 2000 సంవత్సరంలో నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. రెండేళ్ల తర్వాత చూస్తే చాలాచోట్ల అవి ఊరికే పడున్నాయి. అప్పుడు ‘ప్రథమ్’ అనే స్వచ్ఛంద సంస్థ రంగంలోకి దిగింది. నాలుగో తరగతి పిల్లల్ని ఇద్దరేసి చొప్పున ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించింది. పిల్లలు సరిగ్గా చేసేకొద్దీ లెక్కలు కష్టమవుతుంటాయి. ఆ పిల్లలకు లెక్కల్లో మార్కులు బాగా పెరిగాయి. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం తేల్చిన విషయమిది. అయితే కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో కొంతే మిగిలింది.

అదే రాష్ట్రంలో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త మరో అధ్యయనం చేశారు. బడి వేళల్లో టీచర్ చెప్పే పాఠం మాన్పించి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టినచోట పిల్లలు వెనకబడ్డారు. బడి అయ్యాక అదనంగా కూర్చోబెట్టినచోట ముందుకెళ్లారు. వాడింది ఒకే రకం పాఠాలు. తేడా అంతా ఎక్కడంటే... ఒకచోట యంత్రం టీచర్ పనిని లాక్కుంది, మరోచోట ఆ పనికి తోడైంది.

ఏ తరగతి అని కాదు... ఎంత వచ్చు అని!

దిల్లీలో 2015లో జరిగిన ప్రయోగం ఇంకో సంగతి బయటపెట్టింది. ఆరో తరగతి పిల్లలు సగటున లెక్కల్లో రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. మూడో తరగతి లెక్కే రానివాడికి ఆరో తరగతి పాఠం బోర్డు మీద చెబితేనేం, మెరిసే తెర మీద చూపిస్తేనేం? అందుకే అక్కడ ఓ సాఫ్ట్‌వేర్ ముందు పిల్లవాడికి ఎంతవరకూ వచ్చో కనిపెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. ఇక్కడా మనిషిని పక్కన పెట్టలేదు. రోజూ ముప్పావుగంట కంప్యూటర్ అయితే, మరో ముప్పావుగంట పది పదిహేనుమంది పిల్లలతో కలిసి కూర్చుని చెప్పే సహాయకులు ఉండేవారు.

ఇంట్లోనూ అదే ప్రశ్న

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాక ఫోనే తరగతి గది అయింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకూ టీచర్లకూ ట్యాబ్‌లు పంచింది. ఇప్పుడు పల్లెల్లోనూ పిల్లలకు ఫోను వాడటం కొత్త కాదు. కానీ దేంతో గడుపుతున్నారు? అసర్ సర్వే 2024లో గ్రామాల్లోని 14-16 ఏళ్ల పిల్లల్ని ఈ సంగతే అడిగింది. అంతకుముందు వారంలో ఫోను చదువు కోసం వాడామన్నవారు 57 శాతం. సోషల్ మీడియా చూశామన్నవారు 76 శాతం!

కాబట్టి డిజిటల్ ఫీజు కట్టేముందు ఎన్ని తెరలున్నాయని కాదు, వేరే ప్రశ్నలు అడగాలి. ఆ తెర ముందు మా పిల్లాడు తన చేత్తో ఏం చేస్తాడు, ఊరికే చూస్తాడా? వాడికి రానిది ఏమిటో అది కనిపెడుతుందా? కనిపెట్టాక ఎవరు నేర్పుతారు? టీచర్ చెప్పే సమయంలో కోత పడుతుందా? యాప్ చందా కట్టిన నెల తర్వాత పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోను పక్కన పెట్టి, కాగితం మీద నాలుగు భాగహారాలు చేయించి చూస్తే చాలు, పెట్టిన డబ్బు ఏమైందో తెలిసిపోతుంది.

పలక పోయి ట్యాబ్ వచ్చింది. చేయి పట్టి దిద్దించేవాళ్లు మాత్రం ఇప్పటికీ కావాల్సిందే!