ఊదా రంగు వెలుగును చూసి మోసపోకండి... క్రిములను చంపేది కనిపించని వెలుగు!

కర్వ్‌డ్ స్క్రీన్ ఫోన్‌కి ఎప్పుడైనా టెంపర్డ్ గ్లాస్ వేయించారా? షాపతను స్క్రీన్ మీద జిగురు పోసి, గ్లాస్ పెట్టి, పైన చిన్న లైటు ఉంచుతాడు. ఊదా రంగులో వెలుగుతుంది. కాసేపటికే జిగురు గట్టిపడిపోతుంది. జెల్ నెయిల్ పాలిష్ ఆరబెట్టే బాక్సు, దొంగనోట్లు పట్టే మిషను... వీటిలో ఇప్పుడు ఎక్కువగా ఉండేది అదే రకం ఎల్‌ఈడీ. అందరం ‘యూవీ లైట్’ అనేస్తాం.

కరోనా రోజుల్లో ఈ ‘యూవీ’ అనే మాటకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఫోన్ శుభ్రం చేసే డబ్బాలు, టార్చ్‌లైట్లు, బాటిల్ మూతలు... ఏది చూసినా ఊదా వెలుగే. అయితే ఆ వెలుగు కనిపించినంత మాత్రాన క్రిములు చచ్చినట్టు కాదు. అసలు పని చేసే వెలుగు మన కంటికి కనిపించదు. దాన్ని ఎల్‌ఈడీలోంచి రప్పించడానికి శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్నారు. ఆ కుస్తీ ఎందుకో తెలుసుకుందామని మొదలుపెట్టిన నాకు, కథంతా ఒక స్ఫటికం దగ్గర ఆగుతుందని అప్పట్లో తెలియదు.

అన్ని యూవీలూ ఒకటి కాదు

జిగురు గట్టిపరిచే లైట్ల తరంగదైర్ఘ్యం సాధారణంగా 365 నుంచి 405 నానోమీటర్ల మధ్య ఉంటుంది. క్రిముల పని పట్టేది 200 నుంచి 280 నానోమీటర్ల మధ్య ఉండే యూవీ-సి. అందులోనూ 265 దగ్గర దెబ్బ గట్టిగా పడుతుంది. క్రిమి డీఎన్‌ఏ ఆ వెలుగును పీల్చుకోగానే పక్కపక్కన ఉన్న అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. జిప్ మధ్యలో ఇరుక్కుపోయినట్టన్నమాట. ఇక ఆ క్రిమి తన కాపీలు తీసుకోలేదు. సూర్యుడిలోనూ యూవీ-సి ఉంది కానీ, పైన ఓజోన్ పొర దాన్ని మన దాకా రానివ్వదు.

మరి ఇంట్లో వాటర్ ప్యూరిఫైయర్‌లో ఏముంది? చాలావాటిలో ఇప్పటికీ పాదరసం ట్యూబే. 254 నానోమీటర్ల వెలుగు ఇస్తుంది, పని బాగానే చేస్తుంది. కానీ గాజు గొట్టం, పైగా లోపల పాదరసం. కొన్నాళ్లకి మార్చాల్సిందే. మా ఇంటికి సర్వీసుకి వచ్చిన మెకానిక్‌ని ఓసారి అడిగాను: ‘‘ఈ పాత ట్యూబ్ ఏం చేస్తావన్నా?’’

‘‘ఏం చేస్తం మేడమ్, చెత్తబండిలనే ఏస్తరు అందరు.’’

అతని తప్పేం లేదు, వేరే దారి అతనికి ఎవరూ చూపించలేదు. కానీ పాదరసం ఎంత పని చేస్తుందో జపాన్‌లోని మినమాటా పట్టణం చూసింది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరింది. ఆ ఊరి పేరుతోనే 2013లో ప్రపంచ దేశాలు పాదరసం వాడకాన్ని తగ్గించే ఒప్పందం చేసుకున్నాయి. 2018లో మన దేశమూ దాన్ని ఆమోదించింది.

ఆ ట్యూబ్ స్థానంలో మిరియపు గింజంత ఎల్‌ఈడీ వస్తే? పాదరసం ఉండదు, స్విచ్ వేయగానే వెలుగుతుంది, బ్యాటరీ మీదా నడుస్తుంది. వినడానికి తేలికే. చిక్కంతా పదార్థంలో ఉంది.

గోడ ఎంత ఎత్తుంటే...

ఎల్‌ఈడీ లోపల ఎలక్ట్రాన్ పై మెట్టు నుంచి కింది మెట్టుకి దూకుతుంది. దూకినప్పుడు పోయిన శక్తి వెలుగుగా బయటికొస్తుంది. ఎత్తు ఎక్కువైతే వెలుగుకి శక్తీ ఎక్కువ, తరంగదైర్ఘ్యం తక్కువ. గాలియం నైట్రైడ్‌లో ఈ ఎత్తు 3.4 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే సుమారు 365 నానోమీటర్లు. అల్యూమినియం నైట్రైడ్‌లో 6 దాటుతుంది. 2006లోనే జపాన్‌లోని ఎన్‌టీటీ పరిశోధకులు దానితో 210 నానోమీటర్ల ఎల్‌ఈడీ చేసి చూపించారు, కాకపోతే వెలుగు మరీ కొంచెం. 265 కావాలంటే ఈ రెండూ కలపాలి. గాలియం పరమాణువుల్లో సుమారు సగం తీసేసి అల్యూమినియం పెట్టాలి. ఆ మిశ్రమమే అల్యూమినియం గాలియం నైట్రైడ్.

ఇక్కడే తిప్పలు మొదలు.

నీలి ఎల్‌ఈడీకి 2014లో అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ వచ్చింది. మన ఇళ్లలోని తెల్ల బల్బులన్నిటికీ మూలం అదే. ఆ నీలి ఎల్‌ఈడీకి ఓ అదృష్టం ఉంది. దాని స్ఫటికంలో చదరపు సెంటీమీటరుకి పది కోట్లకు పైగా లోపాలున్నా చక్కగా వెలుగుతుంది. యూవీ-సి ఎల్‌ఈడీకి ఆ అదృష్టం లేదు.

ఈ పొరలను సాధారణంగా నీలమణి జాతి పలక మీద పెంచుతారు. కింద పలకలో పరమాణువుల మధ్య దూరం వేరు, పైన పెరిగే పొరలో వేరు. మగ్గం మీద పడుగు పోగు ఒకటి తెగితే ఆ గీత చీర పొడవునా కనిపిస్తుంది కదా! అచ్చం అలాగే కింద మొదలైన లోపం పైదాకా పాకుతుంది. ఎలక్ట్రాన్లు ఆ లోపాల దగ్గర చిక్కుకుని, వెలుగు ఇవ్వకుండా వేడిగా మారిపోతాయి. పైగా అల్యూమినియం పరమాణువులు పడిన చోటే అతుక్కుంటాయి, సరైన చోటికి జరగవు. వాటిని కదిలించాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి.

ముఖాముఖి పెట్టి కాల్చారు

దీనికి జపాన్‌లోని మియె యూనివర్సిటీలో మియాకె బృందం ఓ ఉపాయం కనిపెట్టింది. అల్యూమినియం నైట్రైడ్ పూత పూసిన రెండు పలకలను అరచేతులు జోడించినట్టు ముఖాముఖి పెట్టి, 1600 నుంచి 1700 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చారు. ఎదురెదురుగా ఉండటం వల్ల పూత ఆవిరైపోలేదు. ఆ వేడికి పరమాణువులు సర్దుకుని లోపాలు బాగా తగ్గాయి. 2016లో వచ్చిన ఈ పద్ధతి తర్వాత చాలామందికి దారి చూపింది. కొందరు అసలు నీలమణినే పక్కనపెట్టి, అల్యూమినియం నైట్రైడ్ స్ఫటికాన్నే పలకగా వాడుతున్నారు. మెరుగైనదే కానీ ఖరీదెక్కువ.

స్ఫటికం బాగుపడినా ఇంకో రెండు ముళ్లు మిగిలాయి. ఒకటి, ఎలక్ట్రాన్లకు జోడీగా ‘హోల్స్’ కావాలి. వాటి కోసం మెగ్నీషియం కలుపుతారు. గాలియం నైట్రైడ్‌లోనే వంద మెగ్నీషియం పరమాణువుల్లో దాదాపు ఒకటే పనికొస్తుంది. అల్యూమినియం పెరిగేకొద్దీ అదీ తగ్గిపోతుంది. రెండోది, దీన్ని దాటడానికి పైన గాలియం నైట్రైడ్ పొర వేస్తే, ఆ పొరే వెలుగును మింగేస్తుంది. కంచే చేను మేసినట్టు!

జపాన్ పరిశోధన సంస్థ రికెన్‌కు చెందిన హిరయమ, సహచరులు 2017లో వెలుగును మింగని పొరలు, అద్దంలా తిప్పికొట్టే ఎలక్ట్రోడ్ పెట్టి 275 నానోమీటర్ల దగ్గర 20 శాతం దాటించారు. అంటే లోపలికి పంపిన ప్రతి వంద ఎలక్ట్రాన్లకు ఇరవై కాంతి కణాలు బయటికొచ్చాయి. అది ల్యాబ్‌లో. బజారులో దొరికే యూవీ-సి ఎల్‌ఈడీలు చాలావరకు పది శాతం లోపే. మిగతా కరెంటంతా వేడే. ఆ వేడికి ఎల్‌ఈడీ ఆయుష్షూ తగ్గుతుంది. మంచి ఎల్‌ఈడీ పరికరం ధర ఎక్కువ ఉండటానికి అసలు కారణాలివే.

కొనేముందు ఇవి చూడండి

‘యూవీ’ అని రాసి ఉంటే చాలదు, ఎన్ని నానోమీటర్లో చూడండి. 260 నుంచి 280 మధ్య అంకె ఉంటే అది యూవీ-సి ఎల్‌ఈడీ. 395, 405 అని ఉంటే జిగురుకి, గోళ్లకి పనికొస్తుందేమో కానీ తాగేనీటికి దాన్ని నమ్ముకోవద్దు. అసలు అంకే లేకపోతే ధర ఎంత తక్కువైనా ఆలోచించండి. నిజమైన యూవీ-సి కంటికి, చర్మానికి హాని చేస్తుంది. మూత తీస్తే ఆరిపోయే ఏర్పాటు ఉండాలి. చేతి మీద పడేలా వాడే టార్చ్‌లు వద్దు. ఇంకోటి, యూవీ చంపేది క్రిములనే. నల్గొండ వైపు మనవాళ్లను పీడించిన ఫ్లోరైడ్‌ను, ఉప్పును అది తీయలేదు.

గాజు గొట్టం, పాదరసం లేకుండా, చిన్న సోలార్ పలకతో నడిచే ప్యూరిఫైయర్ కరెంటు సరిగా లేని తండాకి చేరితే ఎంత బాగుంటుందో ఊహించండి. అక్కడి పిల్లలు నీళ్ల విరేచనాలతో ఆస్పత్రికి పరుగెత్తే రోజులు తగ్గుతాయి. అందుకు అడ్డుగా ఉన్నవి ఆ స్ఫటికంలో దారి తప్పిన పరమాణు వరసలు. వాటిని సరిచేసే పని ఇంకా నడుస్తూనే ఉంది.