రంగు కింద దాగిన రీబోరు మిషను నంబరు

ట్రాక్టరు నల్లగా పొగ కక్కినా, ఆయిలింజను ఆయిలు తాగేస్తున్నా మెకానిక్కు చివరికి చెప్పే మాట రీబోరే. రైతు బ్లాకును విప్పించి పట్నంలోని లేతు షెడ్డుకు తెస్తాడు. అక్కడ అరిగిన సిలిండరును మళ్లీ గుండ్రంగా కోసేది బోరింగ్ బారు. బ్లాకు మీద దాన్ని నిలబెడితే లోపలి నుంచి మూడు వేళ్లు బయటికొచ్చి బోరు గోడలను తాకుతాయి. బారు నడిమధ్యకు సర్దుకుంటుంది. బిగించి కోతకు వదలడమే.

షెడ్లలో తండ్రుల కాలం నాటి బార్లు ఇంకా పనిచేస్తున్నాయి. వాటి తీరు చాలావరకు అమెరికా కంపెనీలదే. స్ప్రింగ్‌ఫీల్డులో తయారైన వాన్ నార్మన్, సీడర్ ర్యాపిడ్స్‌లో తయారైన క్విక్‌వే ఈ పనిలో పేరున్నవి. వాటి పోలికతో మన దేశంలో చేసినవీ ఉన్నాయి. పైకి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. చిక్కంతా అక్కడే.

ప్రతి బారుకూ దానికే చేసిన మైక్రోమీటరు ఒకటుంటుంది. ఇది మామూలు మైక్రోమీటరు కాదు. బారు లావును లెక్కలోకి తీసుకుని, కట్టరు ఎంత వ్యాసం కోస్తుందో చెబుతుంది. అది పోయి వేరే మోడల్‌ది తెచ్చి పెడితే అంకె ఒకటి, కోత ఒకటి. పిస్టన్లు అంగుళంలో వెయ్యోవంతు లెక్కన 20, 30, 40 సైజుల్లో వస్తాయి. 20కి కోయాల్సింది దాటిపోతే రైతు తెచ్చుకున్న పిస్టను వృథా. బ్లాకు అప్పటికే ఆఖరు సైజులో ఉంటే స్లీవు వేయక తప్పదు. పంట నీటికి వచ్చిన వేళ ఆ ఆలస్యం ఎంత నష్టమో రైతుకు చెప్పనక్కర్లేదు.

అందుకే మోడల్ నంబరు కావాలి. కానీ ఏటా దసరాకు ఆయుధపూజ ముందు మిషనుకు రంగు వేస్తారు. పసుపు, కుంకుమ సరేసరి. పదిసార్లు రంగు పడ్డాక నేమ్‌ప్లేటు ఎక్కడుందో కూడా తెలియదు. చాలామంది మోటారు మీది ప్లేటు చదివి పార్టుకు ఆర్డరిస్తారు. అది మోటారు సంగతే చెబుతుంది. పైగా అమెరికా మోటారు 110 వోల్టులు, 60 సైకిళ్లకు చేసినది. మన కరెంటు 230, 50. కాబట్టి ఆ మోటారు ఎప్పుడో మార్చి ఉంటారు. పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన అంకెలూ మోడల్ కాదు, ఆ ఇనుప భాగానిది మాత్రమే.

రంగును థిన్నరుతో, గుడ్డతో మెల్లగా తీయాలి. గ్రైండరు పెడితే అక్షరాలు కూడా పోతాయి. పంచి కొట్టిన నంబరు కనబడకపోతే సుద్దపొడి రుద్దితే తేలుతుంది. ప్లేటే ఊడిపోతే బారు వ్యాసం, స్పిండిలు పొడవు, మరల లెక్క కొలిచి ఫొటోలతో పాత పార్టులు అమ్మేవారికి పంపాలి. మరలు అంగుళాల లెక్కా, మిల్లీమీటర్లా అన్నదే సగం గుట్టు విప్పుతుంది.

మైక్రోమీటరు మీద అనుమానముంటే రైతు బ్లాకు జోలికి పోకుండా పాత లైనరు ముక్కలో ఒక కోత కోసి బోరు గేజితో కొలవాలి. రెండు అంకెలూ కలిస్తేనే అసలు పని.

ఇక దసరా రంగు సంగతి. ప్లేటు మీద ముందుగా కాస్త గ్రీజు పూస్తే, రంగు ఎన్నిసార్లు వేసినా గుడ్డతో తుడిస్తే ఊడి వస్తుంది.