దొడ్లో బయటపడే పాతర

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పాత మట్టి మిద్దెలు విప్పి స్లాబు ఇళ్లు కట్టుకుంటున్నారు. దంతెలు, దూలాలు దించి, మిద్దె మీది చవుడు ఎత్తిపోశాక దొడ్లోకి జేసీబీ వస్తుంది. దాని చక్రం ఉన్నట్టుండి నేలలోకి కుంగిందంటే పెద్దవాళ్లకు వెంటనే తడుతుంది, కింద పాతర ఉందని.

పిల్లలూ, పాతర అంటే గింజలు దాచుకునే గొయ్యి. నీరు ఊరని గరుసు నేల చూసి తవ్వేవారు. మూతి మనిషి దిగేంతే ఉంటుంది, లోపల మాత్రం కుండలాగా వెడల్పు. అడుగునా చుట్టూ జొన్న సొప్ప పరిచి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన మళ్లీ సొప్ప కప్పి, మూతికి బండ పెట్టి మట్టితో మెత్తేవారు. ఇక గాలి చొరదు. లోపల ఉన్న కాస్త ప్రాణవాయువును గింజలూ పురుగులూ పీల్చేసుకుంటాయి. బొగ్గుపులుసు వాయువు నిండేసరికి పురుగులు చచ్చిపోతాయి. మందూ మాకూ లేకుండా జొన్నలు ఏళ్లపాటు నిలిచేవి. గోడకు ఆనుకున్నవి ముక్కిపోయేవి, నిజమే. కరువు రోజున ఆ ముక్క వాసన జొన్నలతోనే రొట్టెలు చేసుకునేవారు.

కరువు ఈ నేలకు కొత్త కాదు. 1876–78 నాటి మహా కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను ఊడ్చేసింది. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలోదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడే ఆంధ్ర వైపు వచ్చింది. దానికి తోడు దండయాత్రలు. ఆదోని కోటను 1568లో బీజాపూరు సుల్తానులు పట్టుకున్నారు, తర్వాత ఔరంగజేబు సైన్యం వచ్చింది, 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి గెలిచాడు, 1800లో హైదరాబాదు నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఏ దండు నడిచినా దానికి ముందు కావలసింది ధాన్యమే. దొడ్డి కింద ఉన్న జొన్నలు దారిన పోయేవాడికి కనపడవు. మన పెద్దల తెలివిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

మీరు పెరుగుతున్న విదేశాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో, డేన్‌బరీ కొండకోట మీద రెండువేల ఏళ్లకు పైబడిన గోతులు వేలకొద్దీ బయటపడ్డాయి. ఇటలీలోని చెరిన్యోలా ఊరైతే తన ధాన్యపు గోతులను వందల సంఖ్యలో ఇప్పటికీ కాపాడుకుంటోంది. మన వైపు కంకర పోసి పూడ్చేస్తున్నాం.

ఎమ్మిగనూరులో ఇంకో రకం గొయ్యి బయటపడుతుంది. అది ఇంట్లోనే, బండల కింద ఉంటుంది. గుంత మగ్గం గుంత. నేతగాడు గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలో పెట్టి తొక్కుడు కర్రలు తొక్కేవాడు. నేల చెమ్మకు నూలు తెగేది కాదు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. ఆ గుంత కనపడితే మీ ఇంట్లో మగ్గం ఆడిందనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

నిధుల మాట అడుగుతారని తెలుసు. మొగలుల కాలంలో ఆదోని పేరు ఇంతియాజ్‌గఢ్, ఆ పేరుతో ఇక్కడ నాణేలు కూడా ముద్రించారు. కాబట్టి ఎక్కడో ఒకటి దొరకవచ్చు. దొరికితే దాచుకోకూడదు, 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధినైనా కలెక్టరుకు తెలపాలి, లేకుంటే జైలుశిక్ష పడవచ్చు. నిధి ఆశతో గోడలు, గుళ్లు తవ్వేవాళ్ల వల్ల మా సీమ చాలా పోగొట్టుకుంది.

ఒక్క జాగ్రత్త. పాతర మూత తీయగానే ఎవరూ తల వంచొద్దు, దిగొద్దు. అడుగున నిలిచిన గాలి మనిషిని క్షణాల్లో పడగొడుతుంది. పెద్దలు ఒక రోజు తెరిచి ఉంచి, దీపం దించి చూసి, అది ఆరకపోతేనే దిగేవారు. మీరు దీపాన్ని కూడా నమ్మొద్దు, పైనుంచే చూడండి.

ఈ సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఇల్లు విప్పుతుంటే, పూడ్చకముందే పాతర మూతి వెడల్పు కొలవండి, తాడుకు రాయి కట్టి లోతు చూడండి, ఫొటో తీయండి. అందులో ఎన్ని మూటలు పట్టేవో, చివరిసారి ఎప్పుడు తెరిచారో అవ్వనూ తాతనూ అడిగి రాసుకోండి. రాసింది మాకు పంపండి, మన పత్రిక వచ్చే సంచికలో మీ పేరుతోనే వేస్తాం.