చేతితో చేసిన శుభాకాంక్షల కార్డులు

పండుగనాడు దూరమున నున్న ఆప్తులకు శుభము కోరుట అనేక దేశములయందు గల యాచారము. నేడు చేతిఫోనులోని యొక బొమ్మను వ్రేలితో తాకినచో, అది క్షణకాలమున నూర్గురకు చేరుచున్నది. అందు వ్యయమును లేదు, శ్రమయును లేదు. కాని నూర్గురకును ఒక్కటియే యైన యా బొమ్మలో తనకొఱకే ఉద్దేశింపబడినది ఏదియు లేదని యందుకొన్నవారు గ్రహింపకపోరు. కావున ముద్రలతోడను పంచింగు మిషనుతోడను కార్డులను చేతితో చేయు విధమును తోడి విద్యార్థులకు తెలుపదలంచితిమి.

క్రిస్మసు కార్డు తొలుత ఇంగ్లండులో 1843వ సంవత్సరమున వెలువడెను. అచట 1840లో పెన్నీ తపాలా యేర్పడినది మొదలు ఉత్తరములు మిక్కిలి హెచ్చెను. హెన్రీ కోల్ అను నుద్యోగికి, వచ్చిన జాబులన్నిటికిని ప్రత్యుత్తరములు వ్రాయ తీరిక చాలదయ్యెను. అతడు జాన్ కాల్కాట్ హార్స్‌లీ యను చిత్రకారునిచే బొమ్మ వ్రాయించి, సుమారు 1,000 ప్రతులు అచ్చొత్తించి, వానికి చేతితో రంగులు వేయించెను. ఒక్కొక్కదాని వెల షిల్లింగు, అనగా పండ్రెండు పెన్నీలు. ఆ కార్డుపై పంపువారి పేరును, అందుకొనువారి పేరును వ్రాయుటకు ఖాళీ విడువబడెను. బొమ్మ వేయింటికి నొక్కటియే. పేర్లు మాత్రము వేఱువేఱు. ఆ ఖాళీ చోటే కార్డునకు ప్రాణమని మా యభిప్రాయము.

ఇక పని ప్రారంభింతము. ఏ4 కాగితము 210 మిల్లీమీటర్ల వెడల్పును, 297 మిల్లీమీటర్ల పొడవును గలది. పొడవును సగము చేసి అడ్డముగా కోసినచో రెండు తునకలగును. ఒక్కొక్క తునకను మరల సగమునకు మడచిన, 105 మిల్లీమీటర్ల వెడల్పును 148 మిల్లీమీటర్ల పొడవును గల కార్డు ఏర్పడును. ఇది 114కు 162 మిల్లీమీటర్ల కవరులో చక్కగా ఇముడును. కాగితము చదరపు మీటరునకు 200 మొదలు 250 గ్రాముల వఱకు తూగునదైన నిలుకడగా నుండును. దానిని ముందుగా రెండు దిక్కులను మెల్లగా వంచి చూడవలెను. ఏ దిక్కున సులభముగా వంగునో ఆ దిక్కున మడచినచో అంచు చిట్లదు. మడత వచ్చుచోట స్కేలు నానించి, సిరా అయిపోయిన బాలుపెన్నుతో గీత నొక్కి, పిమ్మట మడవవలెను.

ముద్రకు పెన్సిలు గీతలు చెరుపు రబ్బరు చాలును. పలుచని కాగితముపై మెత్తని పెన్సిలుతో బొమ్మ వ్రాసి, దానిని రబ్బరుపై బోర్లించి, గోటితో రుద్దిన గీతలు రబ్బరుమీదికి దిగును. అట్లు దిగిన బొమ్మ కుడియెడమలు తారుమారై యుండును. ముద్ర వేసినపుడు మరల సరియగును. అక్షరములను చెక్కువారికి ఈ విషయము ముఖ్యము. గీతలను విడిచి చుట్టునున్న భాగమును చిన్న చాకుతో తొలగింపవలెను. చాకు ఎల్లప్పుడును చేతికి దూరముగా కదలవలెను. పిల్లలు పెద్దల యెదుటనే ఈ పని చేయవలెను. రబ్బరు లేనిచో బెండకాయ నడ్డముగా కోసి తడి యద్దినను, ముచ్చటయైన పువ్వు ముద్ర లభించును.

మచిలీపట్టణమునకు సమీపమున నున్న పెడనలో, కలంకారి బట్టల నద్దువారి పద్ధతి మనకు మేలైన పాఠము. వారు కొయ్య అచ్చులతో అద్దకము చేయుదురు. హద్దుగీత కొక యచ్చు, లోపలి యొక్కొక్క రంగునకు వేఱొక యచ్చు నుండును. బల్లపై మెత్తగా పొరలు పఱచి, దానిపై బట్టను పఱచి యద్దుదురు. మనమును కార్డు క్రింద నాలుగు వార్తాపత్రికల మడతలు పెట్టి, ముద్రను నిలువుగా దించి, కదల్చక సమముగా నొక్కి, నిలువుగానే యెత్తవలెను. ఒక రంగు ఆఱిన పిమ్మటనే రెండవది వేయవలెను.

పంచింగు మిషనులలో గుండ్రని రంధ్రము వేయునవియే కాక, నక్షత్రము, ఆకు మున్నగు నాకారములను కత్తిరించునవియు కలవు. వీనికి మందపు కాగితము తగదు, ఇఱుకుకొనును. మిషనును తలక్రిందుగా పట్టుకొన్నచో రంధ్ర మెచట పడునో కనబడును. పదును తగ్గినపుడు అల్యూమినియపు రేకుకాగితమును పలుమాఱులు కత్తిరించిన కొంత మేలగును.

రంధ్రమును లోపముగా నెంచరాదు. ధర్మవరము ప్రాంతమందలి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారు, నగలు ఉండవలసిన చోట్ల మేకతోలునకు సన్నని రంధ్రములు పొడుతురు. తెర వెనుక దీపము వెలుగగానే యా రంధ్రములే నగలై మెఱయును. అట్లే కార్డు ముఖమున, పలుచని కాగితపు పట్టీలో రంధ్రములు వేసి, వెనుక పసుపుపచ్చని కాగితము నంటించిన, ఆ కాంతి వానిగుండ కనబడును. రాలిన తునకలనుకూడ పాఱవేయక వేఱొక కార్డున పువ్వులుగా నంటింపవచ్చును. జిగురు మితముగా రాయవలెను. హెచ్చైన కాగితము ముడుతలు పడును. అంటించిన పిదప బరువైన పుస్తకముల క్రింద ఒక రాత్రి యుంచవలెను.

ఇంతవఱకు చెప్పినది పనిముట్ల నేర్పు మాత్రమే. ఒక్క ముద్రతో నూఱు కార్డులు చేయవచ్చును గాని, అందుకొనువారిని తలంపక చేసినచో, అవియును ఫోనులోని బొమ్మవంటివే యగును. తండ్రి నేతపని వాడైన నాడెను చెక్కుడు. మేనమామ చేపల వేటకు పోవువాడైన పడవను చెక్కుడు. చదువురాని అవ్వకు పంపునపుడు ఆమె వాకిట నున్న తులసికోటను చెక్కుడు. ఉత్తరమైనచో ఆమె మఱియొకరిచే చదివించుకొనవలెను. ఈ కార్డును మాత్రము తానే చదువగలదు. లోపల పొడవైన వాక్యములు అక్కఱలేదు. ఆమె పేరును, మీ పేరును, ఆమెకు మాత్రమే తెలిసిన యొక్క మాటను స్వహస్తముతో వ్రాసిన చాలును.

ముద్ర కొంచెము వంకరయైనను, అంచు కొంచెము హెచ్చుతగ్గైనను చింతింపవలదు. తమకొఱ కొకరు సాయంకాలమంతయు కూర్చుండి పనిచేసిరని యా వంకరయే వారికి చెప్పును. రాబోవు పండుగకు ఒక్క కార్డైనను చేసి, మీ ఆప్తులలో మిక్కిలి యొంటరిగా నున్నవారికి ముందుగా పంపుడని తోడి విద్యార్థులను కోరుచున్నాము.